గంజి పెట్టిన డేరా

2007 అక్టోబర్ 3, బుధవారం

యమున నాగర్‌కర్నూల్ వెళ్ళింది. అక్కడ ఆడవాళ్ళకు కుట్టు నేర్పే కేంద్రంలో టీచరు పని. డిసెంబరు దాకానట. ఆ తర్వాత ఉంచుకుంటారో పంపిస్తారో తెలియదు. సత్యమ్మ అనే ఆమె ఇంట్లో ఒక గది అద్దెకు దొరికింది.

గద్వాల బస్టాండులో బస్సెక్కుతూ "ఏమన్న జెప్తవా?" అని అడిగింది. "పైలంగ పో" అన్నాను. పెళ్ళాం ఊరికి పోతుంటే మొగుడు చెప్పాల్సిన మాట అదే కదా. బస్సు కదిలాక కూడా కిటికీలోంచి నన్నే చూస్తోంది. ఇంట్లో ఏదో మరిచిపోయిందేమో అనుకున్నాను. వచ్చి చూస్తే ఏమీ మరిచిపోలేదు.

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. చాలా బాగుంది.

అక్టోబర్ 4

చాలా బాగుంది.

అక్టోబర్ 7, ఆదివారం

మగ్గం మీద సగం చీర ఉంది. గద్వాల చీర ఒంటి మనిషి పని కాదు. చీర ఒంటికి దారపు కండె మోసే నూలు నాడె ఒకటి, అటు అంచుకూ ఇటు అంచుకూ పట్టు నాడెలు రెండు, మొత్తం మూడు ఆడాలి. పెళ్ళయినప్పటి నుంచీ మగ్గం కింద కాళ్ళు పెట్టుకునే గుంటలో ఒక పక్క నేను, ఒక పక్క యమున. ఆమె నాడె విసిరితే నేను అందుకుంటాను, నేను విసిరితే ఆమె అందుకుంటుంది. పట్టూ నూలూ ఒకదానిలో ఒకటి చిక్కుకుని అంచు అతుక్కుపోతుంది.

ఈ రోజు ఒక్కణ్ణే కూర్చుని చూశాను. ఇటు నుంచి నాడె విసరడం, గుంటలోంచి లేవడం, ఆ పక్కకు ఉరకడం, అక్కడ కూర్చుని మళ్ళీ ఇటు విసరడం. పక్కింటి జమ్ములమ్మ అవ్వ మేకలను తోలుకుపోతూ మా గుమ్మం ముందు ఆగింది.

"ఏంది నాగప్పా, ఒక్కనివే కబడ్డీ ఆడుతున్నవా?"

మగ్గం మీద దుప్పటి కప్పాను. దుమ్ము పడుతుందని, అంతే.

అక్టోబర్ 12, శుక్రవారం

ధర్మయ్య సారు వచ్చారు. వనపర్తిలో కాలేజీ పిల్లలకు చరిత్ర చెప్పి రిటైరయిన మనిషి. చరిత్ర మాత్రం ఆయన్ను ఇంకా రిటైర్ కానివ్వలేదు. ఏటా కార్తీకంలో పాత విద్యార్థులను పోగుచేసి, తలపాగాలు చుట్టించి, చెక్క కత్తులు చేతికిచ్చి, సోమశిలలో కృష్ణ ఒడ్డున సంస్థానాల కాలపు సైన్యంలాగా విడిది చేయిస్తారు. రాజు వేషం ఆయనదే. టార్చిలైటు ఉండకూడదు. ప్లాస్టిక్ బిందె కనిపిస్తే కోర్టు మార్షలే. అంతా చేసి పోయినేడు రాజూ సైన్యమూ కలిసి నీలం ప్లాస్టిక్ పట్టా కింద పడుకున్నారట. ఆ అవమానం సారుకు ఇంకా మానలేదు.

ఈసారి రాజుకు అసలైన డేరా కావాలి. పాత బొమ్మ ఒకటి తెచ్చి చూపించారు. మధ్యలో ఒకటే గుంజ, దాని మీద కొనదేలిన గుండ్రటి కప్పు, చుట్టూ గుడ్డ గోడలు, వాటిని కనాతులు అంటారట. కప్పు అంచున వేలాడే గుడ్డ ఝాలరు. చూడ్డానికి బాగుంది.

"యమున కుడ్తదేమో అడుగుదామని వచ్చిన" అన్నారు.

"నాగర్‌కర్నూల్ల ఉంది సారూ."

"అయ్యో. మరి ఎవరు కుట్టాలె?"

"నేను కుడ్త."

ఎవరు అన్నారా అని వెనక్కి చూశాను. ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు.

"నువ్వా? నీకు కుట్టుడొస్తదా?"

"బట్టను పుట్టించెటోనికి అతుకుడు రాదా సారూ?"

ఈ మాట నాకు ఎంత నచ్చిందంటే, ఆయన వెళ్ళాక మళ్ళీ ఒకసారి పైకే అనుకున్నాను.

అక్టోబర్ 15, సోమవారం

చేనేత సొసైటీలో ఏళ్ళ తరబడి ఎవరూ కొనని ముతక దుప్పటి గుడ్డను సారు తానులకు తానులు దింపించారు. యమున పాత మిషను ఇక్కడే వదిలి వెళ్ళింది. ఆమె తొక్కితే చప్పుడు రాదు. నేను తొక్కితే జమ్ములమ్మ అవ్వ వచ్చి "పిండి గిర్నీ పెట్టినవా?" అని అడిగింది.

కత్తెర పట్టుకుని గుడ్డ చుట్టూ రెండుసార్లు తిరిగాను. నేసేవాళ్ళ ఇళ్ళలో కొత్త బట్టకు కత్తెర తగలకూడదు, నీళ్ళు తగలకూడదు. కొన్నవాళ్ళు ఏమైనా చేసుకోనీ, మా గడప దాటేదాకా మడత నలగకూడదు. మా నాయిన పొడి బట్టను కూడా తడి చేత్తో ముట్టనిచ్చేవాడు కాదు. కత్తెర ఎలాగూ తప్పదు. నీళ్ళ విషయంలో మాత్రం మా నాయిన మాట నిలబెట్టాను.

వనపర్తి హాస్టల్ నుంచి వర్ష ఫోన్ చేసింది. పాలిటెక్నిక్ చదువుతోంది కదా, తండ్రిని కూడా యంత్రంలాగే చూస్తుంది, ఎక్కడ చెడిందో కనిపెట్టడానికి.

"నాయినా, ఎట్ల కోయాల్నో అమ్మకు ఫోన్ జేసి అడగరాదూ?"

"నాకు ఫోన్ ఎత్తనీకి వస్తది గానీ చేయనీకి రాదు బిడ్డా."

అది నిజమే. నేర్చుకోలేదు.

అక్టోబర్ 18

కప్పుకు గొడుగు రేకల్లాగా ముక్కలు కోసి అన్నీ కలిపి కుట్టాను. నేల మీద పరిస్తే కప్పు చిన్నదయింది. ముక్కలు లెక్కపెట్టుకున్నాను, సరిగ్గానే ఉన్నాయి. కోసేటప్పుడు కొలతలూ సరిగ్గానే ఉన్నాయి. మరి గుడ్డ ఎక్కడికి పోయింది?

చాలాసేపటికి బుర్రకు తట్టింది. నేతలో అంచుకు అంచు తాకితే చాలు, అతికిపోతుంది. కుట్టులో అయితే అతికే చోట రెండు వైపులా ఇంత గుడ్డ లోపలికి పోతుంది. దానికి ముందే వదులుకోవాలి. ఈ సంగతి ఎవరికి తెలుసు?

యమునకు తెలుసు.

ఫరవాలేదు. రాజుగారు కొంచెం పొట్టి మనిషి అనుకుంటే సరి.

అక్టోబర్ 22, సోమవారం

దసరాకు యమున వచ్చింది, వర్ష కూడా. నిన్నంతా ఇల్లు సందడిగా ఉంది. యమున చేతికి కొత్త గడియారం. మాట్లాడేటప్పుడు సుద్దముక్క పట్టుకున్నట్టు వేళ్ళు తిప్పుతోంది. నాకు జమ్మి ఆకు ఇచ్చి, మూలన కుప్ప పోసిన డేరా దగ్గరకు వెళ్ళి గుడ్డను వేళ్ళ మధ్య నలిపి చూసింది.

"కోసే ముందుగాల తడిపి ఆరేసినవా?"

"తడిపిన" అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. ఆమె నా మొహం చూసింది. గుడ్డను కుప్ప మీదే వదిలేసింది.

ఈ ఉదయం చాయ్ తాగుతుంటే తనే చెప్పింది. "కేంద్రమోళ్ళు అడుగుతున్రు. డిసెంబర్ అయినంక గూడ ఉంటవా, పర్మనెంట్ జేస్తమని. నువ్వేమంటవ్?"

"నీ ఇష్టం" అన్నాను.

"నా ఇష్టం నాకెరుకే. నువ్వేమంటవని అడుగుతున్న."

"గదే అంటున్న. నీ ఇష్టం."

చాయ్ గ్లాసు కింద పెట్టేసింది. సగం అలాగే ఉండిపోయింది. మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయారు. ఇంతకన్నా మర్యాదగా ఏ మొగుడైనా జవాబు చెప్తాడా?

అక్టోబర్ 23

నీ ఇష్టం అనడంలో తప్పేముంది?

అక్టోబర్ 24

తప్పేమీ లేదు.

నవంబర్ 3, శనివారం

ఇంటి వెనక ఖాళీ జాగాలో గుంజ పాతి డేరా నిలబెట్టి చూశాను. కప్పు మధ్యలో కుంగింది, గోడలు జారాయి. ఝాలరు ముసలి ఎద్దు గంగడోలులా వేలాడింది. రాజు డేరా అని నాకు తెలుసు కాబట్టి సరిపోయింది. తెలియనివాళ్ళకు దుప్పట్లు ఆరేసినట్టే ఉంటుంది.

అప్పుడు నాలోని నేతగాడు మేలుకున్నాడు. నూలు నిలబడాలంటే ఏం చేస్తాం? గంజి పెడతాం! పెద్ద గుండిగలో జొన్న గంజి కాచి, చిక్కగా, చల్లారాక గుడ్డంతా పట్టించాను. ఎండకు పొద్దుగూకే సరికి డేరా నిటారుగా నిలబడింది. గోడ మీద వేలితో కొడితే డప్పులా మోగింది.

ఈ ఉపాయం యమునకు కూడా వచ్చి ఉండేది కాదు. చెప్పాలనిపించింది. ఫోను చేయడం రాదు కదా.

నవంబర్ 5, సోమవారం

డేరాకు కిటికీ పడింది.

నేను పెట్టలేదు. జమ్ములమ్మ అవ్వ మేకలు పెట్టాయి. ఉదయం వెళ్ళేసరికి రెండు మేకలు చెరో పక్క నిలబడి రాజుగారి గోడను నములుతున్నాయి. వాటిని తోలి అవ్వతో తగవు పెట్టుకున్నాను.

"నా మేకల తప్పేముంది కొడుకా? జొన్న గంజి పూసి ఎండల పెడితివి. నాకు పండ్లు లేక ఊకున్న గానీ, ఉంటే నేనే తింటుంటి" అంది అవ్వ. అని, ఆ రంధ్రంలోంచి తల లోపల పెట్టి చూసి, "యమున ఎప్పుడొస్తది?" అని అడిగింది.

"డేరా గురించి మాట్లాడు అవ్వా."

"డేరా గురించే అడుగుతున్న" అంది.

రంధ్రం అంచులు మడిచి కుట్టాను. రాజుగారికి గాలి ఆడుతుంది.

నవంబర్ 9, దీపావళి

యమున రాలేదు. కేంద్రంలో ఏదో తనిఖీ ఉందట. వర్ష వాళ్ళమ్మ దగ్గరికే పోయింది. గడపకు రెండు వైపులా దీపాలు పెట్టి లోపల కూర్చున్నాను. మగ్గం మీది దుప్పటి తీశాను. మళ్ళీ కప్పాను.

ఇల్లు బాగాలేదు. యమున లేకపోతే ఇల్లు అస్సలు బాగాలేదు. ఇక్కడ రాసుకుంటే ఎవరు చూస్తారు కనుక.

నవంబర్ 12, సోమవారం

ఫోను చేయడం నేర్చుకున్నాను. పచ్చ బటను నొక్కడమే, అందులో ఏమీ లేదు. మోగింది. "హలో" అంది యమున. వెనక మిషన్ల చప్పుడు, ఎవరో "టీచరమ్మా, దారం తెగింది" అంటున్నారు.

"రాంగ్ నంబర్" అని పెట్టేశాను.

వెంటనే నా ఫోను మోగింది.

"నీ పేరు పడ్తది నా ఫోన్ల, తెల్వదా? ఏమన్న జెప్పాల్నా?"

"డేరా అయిపోయింది. శనివారం సోమశిలకు తీస్కపోతున్నం."

"గంతేనా?"

"గంతే."

కాసేపు మిషన్ల చప్పుడు వినిపించింది. తర్వాత అదీ లేదు.

నవంబర్ 18, ఆదివారం. కొల్లాపూర్ బస్టాండు.

వనపర్తి బస్సు రావడానికి ఇంకా టైముంది. నిన్న జరిగింది నిన్న రాయలేకపోయాను. ఇప్పుడైనా సరిగ్గా రాయాలి.

డేరాను బస్సు పైన వేసి సోమశిల చేర్చాం. కృష్ణ నిండుగా ఉంది. కార్తీక మాసం కదా, గుడికి వచ్చినవాళ్ళంతా స్నానాలు మానేసి మమ్మల్నే చూశారు. చుట్టూ గూటాలు కొట్టి తాళ్ళు బిగించాం. నిలబడింది. నిజం చెప్పాలి, బాగుంది. కిటికీ ఉన్న వైపును నదివైపు తిప్పాను. ధర్మయ్య సారు జరీ తలపాగా, అతికించిన మీసాలతో లోపల కూర్చుని సైన్యానికి దర్శనమిస్తున్నారు. పడవ ఎక్కడానికి వచ్చిన ఒకామె చెప్పులు బయట విడిచి, లోపలికి వెళ్ళి ఆయనకు దండం పెట్టి వచ్చింది.

అప్పుడే ఆటో దిగుతూ యమున కనిపించింది. సారే పిలిచారట. నన్ను చూసి తల ఊపింది. నేనూ ఊపాను. ఇన్ని రోజులకు కలిసిన మొగుడూ పెళ్ళాలం, తలలు ఊపుకున్నాం.

మధ్యాహ్నం దాటాక వాన వచ్చింది. పెద్ద వాన కాదు. కానీ చిక్కటి గంజి తేమ పైపైనే ఆరిపోయింది, మా నాయిన మాట నిలబెట్టిన గుడ్డ నిండా తడవడం ఇదే మొదలు. తడిసిన గుడ్డ కళ్ళముందే ముడుచుకోవడం మొదలుపెట్టింది. తాళ్ళు వీణ తీగల్లా బిగుసుకున్నాయి. ఒక గూటం ఎగిరి సేనాపతి డాలుకు తగిలింది. ఇంకోటి ఎగిరింది. లోపలి నుంచి రాజుగారి కేక. వెళ్ళి చూస్తే కప్పుకు పట్టిన గంజి కరిగి సారు తలపాగా మీదుగా ధారకడుతోంది. మీసం ఒకటి గంజికి జారి గడ్డం దగ్గర ఆగింది. చివరికి కప్పు పక్కన పెద్ద కుట్టు పర్రున తెగింది.

యమున వచ్చి గుడ్డను వేళ్ళ మధ్య నలిపింది.

"తడిపిన అంటివి?"

"ఇప్పుడు తడిసింది గదా" అన్నాను.

నవ్వలేదు. సంచిలోంచి పెద్ద సూది, లావు దారం తీసింది. వాన ఆగింది కానీ చీకటి పడేలోగా కుట్టకపోతే రాజూ సైన్యమూ మళ్ళీ నీలం పట్టా కిందికే. తడి గుడ్డ మందంగా ఉంది, ఒక వైపు నుంచి గుచ్చిన సూదిని ఆ వైపు నుంచి ఎవరైనా లాగాలి. "నేను లోపట ఉంట. నువ్వు బయట ఉండు" అంది.

అలా మొదలుపెట్టాం. లోపలి నుంచి సూది వస్తుంది, నేను లాగి, పక్కన గుచ్చి, లోపలికి పంపుతాను. గుడ్డ అడ్డం. ఆమె మొహం నాకు కనిపించదు, నాది ఆమెకు కనిపించదు. కొన్ని కుట్లు పడేసరికి చేతులకు వరస కుదిరింది, మగ్గం మీద నాడె అందుకున్నట్టే. ఆ వరస కుదిరాక నాకు ధైర్యం వచ్చింది. గుడ్డతో మాట్లాడుతున్నట్టు అన్నాను.

"ఇంటికి రా."

సూది వచ్చింది. పంపాను.

"నువ్వు లేకుంటే నాకు చేత గాదు."

"ఏం చేత గాదు? చీర నేసుడా?" అంది గుడ్డ వెనక నుంచి.

"చీర గాదు. చాయ్ తాగుడు గూడ చేతగాదు. పొద్దు గడుసుడు చేతగాదు."

సూది వచ్చింది. ఈసారి మాట కూడా వచ్చింది.

"పోయిన వారమే సంతకం పెట్టిన. పర్మనెంట్ జేసిన్రు."

చేతిలో దారం పట్టుకుని నిలబడిపోయాను. "నాకు ఒక మాట జెప్పకపోతివి" అన్నాను.

"అడిగిన గదా. నీ ఇష్టం అన్నవ్. నా ఇష్టం జేసిన." తనే మళ్ళీ అంది. "ఆడ నన్ను టీచరమ్మ అంటరు. నేను పోంగనే అందరు లేసి నిలబడ్తరు. ఊకె గాదు, నాకు పని వస్తదని. నాకు మంచిగున్నది. వదిలిపెట్టి రాను."

కోపం తెచ్చుకోవాలని చూశాను. రాలేదు. ఇరవై ఏళ్ళు పక్కనే కూర్చుని నాడె విసిరిన మనిషిని చూసి నేను ఒక్కసారైనా లేచి నిలబడ్డానా? చీర బాగుందని ఎవరైనా అంటే నా మీసమే దువ్వుకున్నాను. ఆ పక్క చెయ్యి కూడా ఉందని ఎవరికీ చెప్పలేదు. గుడ్డ అడ్డం ఉండటం మంచిదయింది, కళ్ళు తుడుచుకోవడానికి వీలయింది.

"కుట్టు ఆపకు, చీకటైతున్నది" అంది లోపలి నుంచి.

సూది పంపాను. పంపుతూ అన్నాను. "నాకు గూడ ఒక ఇష్టం ఉంది."

"ఏంది?"

"నువ్వున్న కాడ ఉండుడు."

సూది తిరిగి రాలేదు. చాలాసేపు రాలేదు. దారం తెగిందేమో అనుకున్నాను, పిలవబోయాను. అప్పుడు వచ్చింది, సరిగ్గా నా వేలిలోకి. పొరపాటున గుచ్చిందో, కావాలని గుచ్చిందో అడగలేదు. యమున చేతి పని పొరపాటు కావడం నేను ఎప్పుడూ చూడలేదు.

డేరా రాత్రంతా నిలబడింది. తడి గుడ్డ ముడుచుకున్నాక రాజుగారికి కాళ్ళు బయట పెట్టి పడుకోవాల్సి వచ్చింది.

నవంబర్ 20, మంగళవారం

యమున సోమశిల నుంచే నాగర్‌కర్నూల్ వెళ్ళిపోయింది. ఇల్లంతా తిరిగాను. మగ్గాన్ని ఊడదీయవచ్చు కానీ గుంటను ఊడదీసి తీసుకుపోలేం కదా. ఈ గుంటలో మా నాయిన కాళ్ళు పెట్టాడు, ఆయన నాయిన పెట్టాడు. ఊళ్ళో అందరూ ఏమంటారో తెలుసు. నాగప్ప పెళ్ళాం వెనక పోయిండు అంటారు.

నవంబర్ 21

అననీ. పోతున్న మాట నిజమే కదా.

నవంబర్ 24, శనివారం

తాళం జమ్ములమ్మ అవ్వకు ఇచ్చాను. "డేరా బట్ట ఏమన్న మిగిలిందా? మేకలు అడుగుతున్నయి" అంది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూనే అంది.

నవంబర్ 25, ఆదివారం. నాగర్‌కర్నూల్.

సత్యమ్మ ఇల్లు వెతకడం కష్టం కాలేదు. "టీచరమ్మ ఇల్లు" అంటే ఆటో ఆయన నేరుగా దింపాడు. సత్యమ్మ అరుగు మీద కూర్చుని కందులు చెరుగుతోంది. నన్నూ నా సంచినీ పైనుంచి కిందిదాకా చూసింది.

"ఎవరు నాయినా?"

"టీచరమ్మ పెనిమిటిని."

నోటికి అలవాటు లేని మాట. అన్నాక చూసుకుంటే పళ్ళేమీ రాలలేదు.

"ఏం పని జేస్తవ్?"

"చీరలు నేస్తం. నేనూ, మీ టీచరమ్మా."

"మగ్గమేది మరి?"

"ఎనక నుంచి వస్తది. మనిషి ముంగట వచ్చిండు."

లోపల మిషను చప్పుడు ఆగింది. యమున గుమ్మంలోకి వచ్చింది. మెడలో కొలత టేపు వేలాడుతోంది. నా చేతిలోంచి సంచి అందుకుంటూ సత్యమ్మతో అంది.

"ఎనక రేకుల షెడ్డుల గుంట తవ్వుకుంటం సత్యమ్మా. ఇద్దరు కూసుండనీకి జాగ సరిపోతది. మంగళారమే కొలిసి పెట్టిన."

మంగళవారానికి నేను పోవాలని ఇంకా నిర్ణయించుకోనే లేదు.